సకారణ మూర్ఖత్వం

నన్ను మూర్ఖుడంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ వట్టి మూర్ఖుడంటే మాత్రం ఊరుకోను. నేను చేసిన ప్రతి తెలివితక్కువ పనికీ నా దగ్గర శాస్త్రీయమైన కారణం ఉంది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, కారణం లేకుండా గోడకు మేకు కూడా కొట్టను. కొట్టాక మేకు వంకరపోతే అది వేరే సంగతి.

మా నాన్నగారి ఆస్తిలో నా వాటాకు వచ్చింది 1983 నాటి ప్రీమియర్ పద్మిని. మా బెజవాడలో పాతవాళ్లంతా దాన్ని ఫియట్ అనే అంటారు. తప్పేం లేదు. ఇటలీ ఫియట్ 1100నే బొంబాయి కుర్లాలో 1964 నుంచి డిలైట్ పేరుతో చేశారు, 1974లో అది పద్మిని అయింది. ఇంజిను, స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీ, అన్నీ దివ్యంగా ఉన్నాయి. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు మాత్రం మా ఊరి ఎండలకు ఎండిపోయి మూలల్లో నెర్రెలు విచ్చింది. వాన పడితే డ్యాష్‌బోర్డు కిందనుంచి నీళ్లు కారి సరిగ్గా యాక్సిలరేటర్ మీదున్న నా పాదం మీద పడేవి.

ఆటోనగర్‌లో అద్దాలు బిగించే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బండి చుట్టూ ఓసారి తిరిగి, "బీడింగు రబ్బరు మూలలు పోసినదే తెచ్చుకోండి సార్, ఒక్క పూటలో ఎక్కించేస్తాను" అని కూలి చెప్పాడు. ట్యూషన్‌కొచ్చే ఒక పిల్లాడి నెల ఫీజు కంటే తక్కువే. అయినా నాకు ఒళ్లు మండింది. అద్దం, రబ్బరు, రేకు. ఈ మూడింటిలో ఈయనకు తెలిసి నాకు తెలియనిదేముంది? నేనే ఎక్కిస్తానని దిగాను.

ఇంతకీ పద్ధతి నాకు తెలియక కాదు. అదే అసలు బాధ. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. ఆ రబ్బరును అడ్డంగా కోస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరాన్ని పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఒక గాడిలో అద్దం అంచు కూర్చుంటుంది, రెండో గాడిలో బండి రేకు అంచు. ముందు రబ్బరును అద్దానికి తొడగాలి. రేకు కూర్చోవాల్సిన గాడి పొడుగునా సన్నటి నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వదలాలి. సబ్బునీళ్లు బాగా రాయాలి. ఒకరు బయటనుంచి అద్దాన్ని చోటులో ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు బండిలో కూర్చుని తాడు లాగుతూ పోవాలి. తాడు వచ్చినచోటల్లా రబ్బరు పెదవి రేకు మీంచి లోపలికి దూకుతుంది. ఎంత అందమైన ఉపాయం! పాడు చేయడానికి ఎక్కడా సందు లేదనిపిస్తుంది. చేతకానమ్మకు చేష్టలెక్కువ అని ఊరికే అన్నారా?

మొదటి కారణం: పాత అద్దం రబ్బరులో అల్యూమినియం మెరుపు పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ప్లయర్స్‌తో పట్టి పీకాను. అల్యూమినియం మెత్తటి లోహం, వంగితే సరిచేసుకోవచ్చు కదా అని. వంగింది. సరిచేస్తే నొక్కు పడ్డచోట అలాగే ఉండి, దాని పక్కన ఇంకోచోట వంగింది. నొక్కు పడిన లోహం ఆ చోట ఇంకా గట్టిపడుతుందని కూడా నేను చెప్పిన పాఠమే.

రెండోది: మూలలు పోసిన రబ్బరు ఖరీదు ఎక్కువని మీటర్ల లెక్కన అమ్మేది తెచ్చాను. రబ్బరన్నాక వంగదా? వంగింది గానీ, మూలల్లో ముడతలు పడింది. కొలత మీద సరిగ్గా కోశాను, వెంట్రుకవాసి తేడా రాకుండా. అలాంటి రబ్బరును ఓ అరంగుళం ఎక్కువే ఉంచి, కొసలు ఒకదాన్నొకటి నెట్టుకునేలా ఇరికించాలట. వాడగా వాడగా అది కుంచించుకుపోతుంది కనక. నా ఖచ్చితత్వం నాకు చీలిక మిగిల్చింది.

మూడోది గ్రీజు. సబ్బునీళ్లు మే నెల ఎండలో రాసినంతసేపట్లో ఆరిపోతున్నాయి. రాపిడి తగ్గించడానికి గ్రీజును మించింది లేదు. పెట్రోలియం జిడ్డు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందన్నది కెమిస్ట్రీ వాళ్ల గొడవ, నాకెందుకు?

ఇక అసలు ఘట్టం. తాడు లాగే పని మా బావమరిదికి అప్పగించి, బయట నిలబడి అరచేత్తో అద్దాన్ని దబదబా బాదే పెద్ద పని నేను పెట్టుకున్నాను. వాడు తాడును తనవైపు లాగుతున్నాడు. నేను "లాగరా, ఇంకా లాగు" అంటున్నాను. కింది భాగం, పక్కలు ఎలాగో కూర్చున్నాయి. కుడివైపు పై మూల మాత్రం మొండికేసింది. పెదవి రేకు మీదికి రాకుండా లోపలికి మడతపడింది. "బావా, ఈ పూటకు ఆపేద్దాం, రేపు మేస్త్రిని పిలుద్దాం" అన్నాడు వాడు. నేను స్క్రూడ్రైవర్ తీశాను. కారణం అడగండి, చెబుతాను: తులాదండ సూత్రం.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. కరిగిన గాజును నీళ్లలో చుక్కగా జారవిడిస్తే తోక ఉన్న చుక్క ఒకటి తయారవుతుంది. రూపర్ట్ యువరాజు చుక్క అంటారు. 1660లో ఆయన ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు వాటిని చూపించాడు. మరుసటి ఏడు రాయల్ సొసైటీ వాళ్లు వాటి మీద పరీక్షలు చేశారు. ఆ చుక్క తలమీద సుత్తితో కొట్టినా పగలదు. తోక చిటుక్కుమనిపిస్తే మొత్తం పొడి పొడి. పైపొర త్వరగా చల్లారి గట్టిపడితే, లోపలిది ఆ తర్వాత కుంచించుకుంటూ పైపొరను బిగదీస్తుంది. పైన ఒత్తిడి, లోన లాగుడు. ఎక్కడైనా పైపొర తెగితే ఆ పంతమంతా ఒక్కసారిగా బయటపడుతుంది. పాత కార్ల టఫెండ్ అద్దం చేసేదీ ఈ సూత్రం మీదే. నడుమ గట్టిదే. దాని ప్రాణమంతా అంచులో ఉంటుంది. ఈ కథ ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. చివరి బెంచీ వాళ్లు కూడా వినేవాళ్లు.

ఆ అంచు మీదే స్క్రూడ్రైవర్ మొన ఆనించి తిప్పాను.

పెద్ద చప్పుడేం కాలేదు. ఒక్కసారి టప్పుమంది. అద్దమంతా తెల్లబారి, పటికబెల్లం పలుకుల్లా మా బావమరిది ఒళ్లో కురిసింది. వాడికి దెబ్బ తగల్లేదు. ఆ అద్దాన్ని కనిపెట్టినవాళ్ల పుణ్యం అది, నాది కాదు. వాడు కాసేపు తాడు కొస పట్టుకునే కూర్చుండిపోయాడు. మా ఆవిడ వచ్చి చీపురు, చేట అక్కడ పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఏమన్నా అని ఉంటే ఎంతో బాగుండేది.

ఇంతటితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? ఈసారి లామినేటెడ్ అద్దం తెచ్చాను. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా రాలదు. ఎలాగో ఎక్కించాను. తొలకరికే కారింది, నేను ఖచ్చితంగా కోసిన ఆ అతుకు దగ్గరే. సిలికాన్ ట్యూబు కొని చుట్టూ దట్టించాను. వెనిగర్ వాసన వచ్చింది. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రేకును తినేస్తుంది. పైగా లోపలి అంచుకు అప్పటికే తుప్పు ఉంది. రంగు వేస్తే కనపడదన్న కారణంతో దాని మీదే రంగు వేసి ఉన్నాను.

చివరికి పెద్దాయన ఇంటికే వచ్చాడు. ముందు నేను పూసిన సిలికాన్‌ను బ్లేడుతో గోకాడు. ఎక్కించడానికి పట్టినదానికంటే ఎక్కువసేపు దానికే పట్టింది. సిలికాన్ మరక మిగిలితే దాని మీద రంగు నిలవదట. తుప్పు గీకి, ప్రైమర్ వేసి, ఆరేదాకా ముట్టుకోలేదు. అద్దాన్ని నులకమంచం మీద దుప్పటి పరిచి పెట్టి, మూలలు పోసిన రబ్బరును కాసేపు ఎండలో ఉంచి తొడిగాడు. నీడలోకి బండిని తోయించాడు. సబ్బునీళ్లు ఆరిపోవడానికి మందు అదీ: నీడ. నాకు తట్టలేదు.

నన్ను లోపల కూర్చోమన్నాడు. నేను తాడు లాగబోతే, "మీవైపు కాదు సార్, అద్దం నడిమికి లాగండి, నిదానంగా. నేను బయట ఎక్కడ చెయ్యి వేస్తే మీరు అక్కడ" అన్నాడు. ఆయన బాదలేదు. అరచేయి ఆనించి నొక్కుతూ తాడుతో పాటే నడిచాడు. పెదవి లోపలికి దూకేటప్పుడు చిన్నగా చప్పుడవుతుంది, వేళ్లకు తెలుస్తుంది. పై మూల వచ్చేసరికి నేను బిగబట్టుకున్నాను. ఆయన వేలితో కాస్త సబ్బునీళ్లు రాశాడు. అంతే, కూర్చుంది. కూలి మొదట చెప్పిన దానికంటే పైసా ఎక్కువ అడగలేదు. ఇచ్చినా తీసుకోలేదు. అది కొంచెం గుచ్చుకుంది.

మొన్నటి వానకు కారలేదు. మెరుపు పట్టీ మాత్రం లేదు, గాడి బోసిగా ఉంది. కనక చదువుతున్నవాళ్లకు ఒక విన్నపం. మీ పెరట్లోనో, మీ మామగారి షెడ్డులోనో పాత పద్మిని మూలుగుతూ ఉంటే, పాతసామాన్ల వాడికి వేసేముందు ఒక్కమాట కబురు పెట్టండి. ఆ పట్టీకి ఎంతంటే అంత ఇచ్చుకుంటాను. దాన్ని మీరు పీకకండి, నన్నూ పీకనివ్వకండి. మేస్త్రిని వెంటబెట్టుకుని వస్తాను.