మట్టికి టికెట్టు

‘మీ చిన్నారికి ప్రకృతిని పరిచయం చేయండి’ అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ రంగుల కాగితం మీకూ వచ్చే ఉంటుంది. మొదటి విడత సీట్లు అయిపోయాయట, రెండో విడత ప్రకటించారు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు మూడు గంటలు. పిల్లకు 1,200 రూపాయలు, వెంట వచ్చే పెద్దవాళ్లకు వేరే టికెట్టు. ఇన్నాళ్లూ ప్రకృతికీ మన పిల్లలకీ ముఖపరిచయమే లేదన్నమాట. ఇప్పుడెవరో మధ్యవర్తి కూచుని పెళ్లిచూపులు ఏర్పాటు చేస్తున్నాడన్నమాట.

మొదటి విడతలోనే మా అబ్బాయీ కోడలూ మనవరాలి పేరు రాయించేశారు. వాళ్లకు ఆ రోజు ఆఫీసు కాల్స్ ఉన్నాయి కనుక వెంట వెళ్లే భాగ్యం నాకు దక్కింది. హైదరాబాద్ శివార్లలో ఆ కేంద్రం ఎక్కడుందో, దాని పేరేమిటో చెప్పను. ఒక్కదాని పేరు చెబితే మిగతావాటికి అన్యాయం చేసినట్టవుతుంది.

ముందు మట్టి సంగతి చెప్పాలి. కాగితంలో దాని పేరు ‘ఆర్గానిక్ మడ్ ఎక్స్‌పీరియన్స్’. గేటు దగ్గరే ఒక ఫారం ఇచ్చారు. మట్టి వల్ల పిల్లకు ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు, సంతకం పెట్టండి. ఇంకో ఫారం. పిల్ల ఫొటోలు వాళ్ల ప్రచారానికి వాడుకోవచ్చు, సంతకం పెట్టండి. పొలం రిజిస్ట్రేషన్‌లో కూడా నాచేత ఇన్ని సంతకాలు పెట్టించలేదు. తర్వాత రబ్బరు బూట్లు, అద్దెకు. ప్లాస్టిక్ ఏప్రాన్, కొనుక్కోవాలి. చేతులకు గ్లవ్స్ మాత్రం ఉచితం. చేతికి మట్టి అంటకుండా మట్టిని అనుభవించే ఈ విద్య మన ముందుతరాలకు తెలియలేదు. తెలిసుంటే నాట్లేసే ఆడకూతుళ్లకు ఎంత మేలు జరిగేదో!

మట్టి ఒక సిమెంటు తొట్టిలో ఉంది. పక్కనే బోర్డు: జల్లెడ పట్టి, ఎండబెట్టి, వేడిచేసి, క్రిములు లేకుండా చేసిన మట్టి. అంటే అందులో వానపాము లేదు, చీమ లేదు, పేడపురుగు లేదు, పొరపాటున ఏ గింజా మొలకెత్తే ప్రమాదం లేదు. మామూలు నేల చెంచాడు తీస్తే కోట్ల సూక్ష్మజీవులుంటాయి. మట్టిని మట్టి చేసేవే అవి. వాటిని చంపేశాక మిగిలిన ఇటుక పొడిలో పిల్లల్ని దింపి, ఇరవై నిమిషాలకు ఈల వేశారు. తర్వాతి బ్యాచ్ వరుసలో నిలబడే ఉంది. బయటికొచ్చిన ప్రతి పిల్ల చేతిలోనూ శానిటైజర్ పోశారు, గ్లవ్స్ తీసిన చేతుల్లో!

మా మనవరాలు తొట్టిలోకి దిగనేలేదు. తొట్టి బయట, గచ్చు పగిలిన చోట, నల్లచీమల బారు ఒకటి ఏదో పురుగు రెక్కను ఈడ్చుకుపోతోంది. దాని ముందు గొంతుక్కూచుంది. “తాతా, ఇది ఎవరి రెక్క?” అంది. నేను నోరు తెరిచేలోపే ఫెసిలిటేటర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “సర్, ఆ ఏరియా యాక్టివిటీలో లేదు.” చీమలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కాసేపటికి ఒకాయన పంపు పట్టుకొచ్చి అక్కడ మందు కొట్టాడు. ప్రకృతి కేంద్రంలో ఆ పూట కనిపించిన ఒకే ఒక్క ప్రకృతి ఆ చీమల బారు.

ఇక ఫొటో. ఏప్రాన్ తీయించి, జుట్టు సర్ది, ఫొటోగ్రాఫరే చూపుడువేలితో మనవరాలి బుగ్గ మీద రవ్వంత మట్టి అద్దాడు, దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగా. అది ఒక బుగ్గకే. రెండో బుగ్గ కూడా కావాలంటే ప్రీమియం ప్యాకేజీ కాబోలు, నేనడగలేదు.

మిగతా వినోదాలూ ఉన్నాయి. నోరు తెరిచి చెత్త మింగే సిమెంటు పెంగ్విన్. పొద మాటున స్పీకర్లో పక్షుల కూతల రికార్డింగు, ఆ మోతకు ఎదురుగా కరెంటు తీగ మీద కూచున్న పికిలిపిట్ట మాట వినపడదు. జపాన్ వాళ్లు 1982లో పేరు పెట్టిన ‘అటవీ స్నానం’ పెద్దవాళ్లకు విడి టికెట్టు మీద దొరుకుతుంది, రెండు వరుసల కోనోకార్పస్ మొక్కల మధ్య. పోయేటప్పుడు ‘జూనియర్ రేంజర్’ సర్టిఫికెట్టు, లామినేషన్‌తో సహా.

ఇదంతా ఎందుకు చేయాలో కూడా కాగితంలోనే బెదిరించారు. పిల్లలకు ‘నేచర్ డెఫిసిట్ డిజార్డర్’ వస్తుందట. రిచర్డ్ లూవ్ అనే అమెరికన్ రచయిత 2005లో ఒక పుస్తకంలో వాడిన మాట అది. వైద్యులు నిర్ధారించే జబ్బు కాదు. పిల్లలు ఆరుబయటికి దూరమవుతున్నారని పెద్దవాళ్లకు చెప్పడానికి ఆయన ఆ పేరు వాడుకున్నాడు. మనవాళ్లు దాన్ని పిల్లల ఒంటికి అంటించి, వారాంతాల్లో వైద్యం మొదలుపెట్టారు.

జబ్బు పిల్లలకా వచ్చింది? 2025 మార్చి ఆఖర్లో, ఉగాదీ రంజానూ కలిసొచ్చిన సెలవుల్లో, కంచ గచ్చిబౌలి మీదికి బుల్డోజర్లు దింపింది నర్సరీ పిల్లలు కాదు. నెమళ్లూ జింకలూ నక్షత్ర తాబేళ్లూ బతుకుతున్న 400 ఎకరాలవి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే తప్ప ఆగలేదు. అప్పటికే వంద ఎకరాల మేర చెట్టూ పొదా ఊడ్చిపెట్టుకుపోయాయి. అది అడవే కాదని ప్రభుత్వం వాదించింది. నిజమే, అక్కడ టికెట్టు కౌంటరు లేదు! పొక్లెయిన్ల చప్పుళ్ల మధ్య నెమళ్లు అరుస్తున్న ఆ వీడియోలు ఊరంతా చూసింది. చూసి, ముక్కున వేలేసుకుని, మరుసటి నెల పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయడానికి సీటు బుక్ చేసుకుంది. సిగ్గు లేదూ మనకు?

బడుల సంగతి సరే సరి. ఎం.సి. మెహతా కేసులో 1991లోనే సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమంది. చేశారు. ఈవీఎస్ అని పుస్తకం వేశారు, మార్కులు పెట్టారు, ఖాళీలు పూరించమన్నారు. మా వీధి చివరి బడిలో పిల్లలు ఆడుకునే జాగా అంతా ప్లాస్టిక్ పచ్చిక. ఉన్న ఒక్క వేపచెట్టు మొదలు చుట్టూ, చుక్క నీరు దిగకుండా టైల్స్. ఆ చెట్టు మీద గూడు కడితే రెట్టలు పడతాయని కొమ్మలు నరికించే బడే, మళ్లీ ఏటా బస్సు వేసి, డబ్బు వసూలు చేసి, పిల్లల్ని ఇలాంటి కేంద్రాలకు పట్టుకెళ్తుంది. అయ్యా ప్రిన్సిపాల్ గారూ, బస్సు తర్వాత వేద్దురుగాని, ముందు ఆ టైల్స్ పగలగొట్టించండి. గునపం మా ఇంట్లో ఉంది, నేనే తెచ్చిస్తాను.

మా చిన్నప్పుడు తొలకరి పడ్డాక బడికి వెళ్లే దారంతా ఆరుద్ర పురుగులు. ఎర్ర మఖమల్ వేసుకున్నట్టుండేవి. ఏడాదిలో చాలా భాగం నేల లోపలే ఉండి, తొలి వానలకు నాలుగు రోజులు పైకొచ్చి కనిపించేవి. అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి పట్టుకెళ్లి మాస్టారి చేత తన్నులు తిన్నవాళ్లు మా క్లాసులో సగం మంది. ఆ పురుక్కి కావలసింది వాన దిగే నేల, అంతే. మా కాలనీలో ఆ నేల మీద పేవర్ బ్లాకులు పరిపించి, ఆ పనికి శిలాఫలకం కూడా వేయించారు. ఇక ఆరుద్ర పురుగు ఎక్కణ్నుంచి పైకి రావాలి? శిలాఫలకం కిందనుంచా?

రెండో విడత జూన్ ఆఖర్లోనట. సరిగ్గా ఆరుద్ర కార్తె. మనవరాలికి ఈసారైనా తడినేల కనిపిస్తుందేమోనని కాగితం మీది నంబరుకు ఫోన్ చేశాను.

“ఆ రోజు వాన పడితే ఎలా అమ్మా?”

“ఏం ఇబ్బంది లేదు సర్. వర్షం పడితే మడ్ సెషన్ క్యాన్సిల్ చేసి పిల్లలందరినీ ఏసీ హాల్లో కూర్చోబెడతాం. పెద్ద స్క్రీన్ మీద రెయిన్‌ఫారెస్ట్ వీడియో వేస్తాం.”