ఆబిడ్స్‌ల రేసు కారు: తమ్మునికి ఆరు చిట్కాలు

తమ్మీ, పాత పోలో జీటీ టీఎస్ఐ కొన్నవట, ముబారక్. పన్నెండు వందల సీసీ, టర్బో, 105 గుర్రాల ఇంజను. ఆబిడ్స్ జీపీవో కాడికెళ్లి నాంపల్లి స్టేషన్‌కు పోవాల్నంటే గిన్ని గుర్రాలు యాడ సరిపోతయి? గందుకే ఈ చిట్కాలు. ఒక్కటి గూడ ఇడువకు.

1. ముందుగాల సైలెన్సర్ పీకెయ్. బండి ఉరుకకపోయినా సరే, ఉరికినట్టు మోగాలె. మెట్రో పిల్లర్ల కింద నిలవెట్టి రేజ్ ఇస్తే సప్పుడు పైకి తాకి మళ్ల నీ చెవులనే పడ్తది. 2023 ఫిబ్రవరి 11నాడు హుస్సేన్ సాగర్ పక్కపొంటి ఫార్ములా-ఈ రేసు పెట్టిన్రు. రౌండుకు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. గెలిచిన జాన్-ఎరిక్ వెర్న్ నడిపింది కరెంటు కారు. సైలెన్సరే లేదు, ఈల ఏసినట్టు సన్నటి సప్పుడు. పాపం, ఆయనకు నీ అసొంటి దోస్తు దొరకలే.

2. ఇంజన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేపియ్యి. టర్బో ఎక్కువ గాలి కొడ్తది, జోర్ పెరుగుతది. కంపెనీ ఇచ్చిన టార్క్ 175 న్యూటన్ మీటర్లు, ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ బాక్సు తట్టుకునేది 250. మెకానిక్ "ఇగ చాలు భాయ్" అంటే ఇనకు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ నడుస్తది గద, ఆ దినాలల్ల ఎగ్జిబిషన్ గ్రౌండ్ ముంగట ఇంచు ఇంచు పాకుతుంటే క్లచ్ మాడిన వాసనొస్తది. పరేషాన్ గాకు, మిర్చి బజ్జీల వాసనల కలిసిపోతది.

3. బండిని నేలకు దించు. కొత్త స్ప్రింగులకు పైసలు దండుగ, ఉన్నయే రెండు చుట్లు కోపియ్యి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన గల్లీల సిమెంటు పోసినాయన ఆ లెక్క సదువలే. గడ్డ రాంగనే బండి ఆపి, ఎనుక సీట్ల ఉన్న నాయినమ్మను, ఆమె ఒళ్లె ఉన్న బియ్యం సంచిని దించు. బండి రెండు వేళ్లంత పైకి లేస్తది. ఏటవాలుగ, ఒక్కొక్క టైరు ఎక్కించి దాటియ్యి. ఎనుక ఆటోవాలా తిట్టేది ఆయన కుళ్లు. నాయినమ్మ తిట్టేది మాత్రం నిజమే, ఇను.

4. లోపల ఇనుప పైపుల పంజరం బిగించు. రేసుల హెల్మెట్ పెట్టుకుంటరు గాబట్టి తలకాయకు ఆ పైపు తాకినా బతుకుతరు. నువ్వు పోయేది ఇరానీ చాయ్‌కి, హెల్మెట్ ఎందుకు?

5. చలాన్‌కు భయపడకు. 2019ల మార్చిన మోటారు వాహనాల చట్టంల, ఒప్పుకోని మార్పు ఒక్కొక్కదానికి 5,000 జరిమానా, లేకుంటే ఆరు నెలల దాకా జైలు, లేకుంటే రెండూ. లెక్క ఏసుకో: సైలెన్సర్, స్ప్రింగులు, పంజరం, పదిహేను వేలు. కోర్టు గూడ దగ్గర్నే, నాంపల్లిలనే ఉంది. పార్కింగ్ దొరకదంటవా? అప్పటికి నీ బండి ఠాణాల ఉంటది గద.

6. ఆఖరికి ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైల ఉంది, రౌండుకు 3.7 కిలోమీటర్లు. పైసలన్నీ ఈ మార్పులకే పెట్టినవు గాబట్టి బ్రేకులు, టైర్లు పాతయే ఉండనియ్యి. బ్రేక్ ఆయిల్ గాలిల తేమను గుంజుకుంటది, తేమ చేరిన ఆయిల్ జల్ది మరుగుతది. రెండో రౌండ్ల పెడల్ మెత్తగ దిండు తీర్గ లోపలికి పోతది. గప్పుడు అర్థమైతది, ఉరికిచ్చుడు కన్నా ఆపుడు ఎంత కష్టమో.

ఒక్క జాగ్రత్త. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు. అండ్ల ఏదన్న కారు మాన్యువల్ కనవడితే కొనకు. టైర్ల గాలి ఎంతుండాలె, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చాలె, అన్నీ అండ్ల రాసుంటయి. నలభై రూపాయలకే ఇస్త అన్నా తీసుకోకు. సదివినవంటే ఇగ నా తాన ఏం అడుగుతవు?