చోడవరపు గొట్టపద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

చోడవరం నుంచి అనకాపల్లి పోయే దారిలో ఒక షెడ్డు. దాని గోడ మీద, బ్యాటరీ కంపెనీ క్యాలెండరుకీ స్వయంభూ విఘ్నేశ్వరుడి పటానికీ నడుమ, సుద్దముక్కతో నాలుగు పాదాలు రాసి ఉన్నాయి. కర్త ఎవరో నిర్ధారణ కాలేదు. కుర్రాళ్లు "మా మేస్త్రే రాసినాడు" అంటారు. మేస్త్రి మాత్రం "నాకేటి తెలుసు బాబూ, గోడకి సున్నం ఏసినప్పుడల్లా మళ్లీ ఎవుడో రాసీస్తాడు" అంటాడు. కనుక అజ్ఞాతకర్తృకమనే భావిద్దాం.

సందర్భం చెప్పాలి. మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కే పాత మహీంద్రా జీపు ఒకటి. దాని సొంత ఇంజను 2112 సీసీ ప్యూజో డీజిలు. అది కాలం చేస్తే, జీపు కడుపులో బొలెరో వాడిన 2523 సీసీ డీఐ ఇంజను పెట్టారు. కొత్త ఇంజనుకు ఒక పక్క పవర్ స్టీరింగు పంపు ఉంది. జీపుకు పవర్ స్టీరింగు లేదు. ఊరికే తిరిగే పంపును చూసి ఓనరుకు ఆశ పుట్టింది. పాత సామాన్ల కొట్లో ఇంకేదో బండి స్టీరింగు బాక్సు దొరికింది. పంపు ఒక కులం, బాక్సు ఒక కులం, ఛాసీ మూడో కులం. వైయాకరణులు దీన్నే వైరి సమాసం అంటారు. ఈ సమాసాన్ని కలిపి ఉంచవలసింది రెండు గొట్టాలు, ఒక కూలరు. వాటి కోసం పుట్టిందీ పద్యం.

మూలము

పంపు నుండి బాక్సు బలమైన గొట్టము
బాక్సు నుండి సన్న పైపు మరలు
నడుమ కూలరుంచి నట్టులు బిగియించి
గాలి తీసి తిప్పు గాడి కుదురు

ఛందస్సు

ఆటవెలది. గణాలు చెడలేదు. మొదటి పాదంలో పం–బలకు, రెండో పాదంలో బా–పైలకు యతి కుదిరింది. స్పేరు పార్టులకు యతి కుదరడమే కష్టమనుకుంటే ఈయన స్పేరు పార్టులతోనే యతి కుదిర్చాడు. సీసం, ఉత్పలమాల వదిలి ఆటవెలదినే ఎందుకు పట్టాడంటే, పని పూర్తయ్యాక కూడా స్టీరింగులో కొంత ఆట మిగులుతుందని ధ్వని. టైరాడ్ ఎండులు అరిగిపోతే పవర్ స్టీరింగు ఆ ఆటను తీర్చదు, మెత్తగా దాచిపెడుతుంది, అంతే.

అనుబంధ చతుష్టయము

శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగుండాలి. విషయం గొట్టాలు. ప్రయోజనం భుజాలు నొప్పెట్టకుండా ఘాటీ ఎక్కడం. సంబంధం పంపుకూ బాక్సుకూ. అధికారి దగ్గరే చిక్కంతా. వేదాంతంలో అధికారి అంటే చదవడానికి అర్హుడు. ఇక్కడ అధికారి అంటే ఆర్టీఓ. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత బిగించింది. ఆర్సీ పుస్తకంలో ఇంజను నంబరు ఒకటుండి, బానెట్టు కింద ఇంకోటుంటే, ఎంత మంచి గొట్టం వేసినా ఆ అధికారి ముందు పద్యం పనికిరాదు. కాబట్టి కాగితాల పని ముందు, గొట్టాల పని తర్వాత. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకూ, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకూ పోయాయి గనక, ఈ జీపు ఇప్పుడు ఒక జిల్లాలో బయల్దేరి ఇంకో జిల్లాలో దిగుతుంది. అధికారులు కూడా ఇద్దరయ్యారని గ్రహించవలెను.

ప్రతిపదార్థము

పంపు నుండి = ఇంజను బెల్టుతో తిరుగు నూనె పంపు నుండి; బాక్సు = స్టీరింగు బాక్సునకు; బలమైన = పీడనమునకు ఓర్చునట్టి; గొట్టము = హోసు పైపు; బాక్సు నుండి = ఆ బాక్సు రెండో ముక్కు నుండి; సన్న పైపు = పలుచని గోడ గల గొట్టము; మరలు = వెనుకకు వచ్చును; నడుమ = ఆ వచ్చు దారిలో; కూలరు = నూనెను చల్లార్చు సాధనమును; ఉంచి = బిగించి; నట్టులు బిగియించి = స్పష్టము (అని పూర్వులు వదిలేశారు, మేము వదలము); గాలి తీసి = లోపలి గాలిని వెళ్లగొట్టి; తిప్పు = స్టీరింగును తిప్పుము; గాడి కుదురు = దారికి వచ్చును.

టీక

మెదకు సీమ కొల్చారానికి చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసేటప్పుడు, మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం కావ్యాలకు చెల్లుతుంది. జీపు దారిలో ఆగేది మాత్రం ఎప్పుడూ మూలంలో లేని మాట వల్లనే. అందుచేత ఈ టీకాకారుడు కవి వదిలినవాటినే ముందు పట్టుకుంటాడు.

"బాక్సు" తర్వాత విభక్తి లేదు. "బాక్సునకు" అనాలి. గణం కోసం కవి విభక్తిని వదిలాడు, క్షమించాం. బాంజో బోల్టుకు అటొకటి ఇటొకటి వేయవలసిన రాగి వాషర్లను వదిలితే క్షమించం. పాత వాషరు ఒకసారి నలిగి గట్టిపడి ఉంటుంది, మళ్లీ అదే వేస్తే చెమర్చడం ఖాయం.

"బలమైన": ఎంత బలం? స్టీరింగు తిన్నగా ఉన్నప్పుడు పంపు నూనెను తేలిగ్గా తిప్పుతూ ఉంటుంది, పీడనం కొద్దిపాటిది. నిలబడ్డ బండిలో చక్రం తిప్పితే ఒక్కసారిగా 70, 80, ఒక్కోసారి 100 బార్ల దాకా లేస్తుంది. లారీ టైరులో ఉండే గాలి పది బార్లు కూడా ఉండదు. అందుచేత రేడియేటరు గొట్టం కోసి, హోసు క్లిప్పు బిగించి "నడిపీయండి" అంటే కుదరదు. జేసీబీలకు హైడ్రాలిక్ గొట్టాలు కట్టి ఇచ్చే దుకాణానికి పోయి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న హోసు తీసుకుని, రెండు చివరలూ మిషను మీద ప్రెస్సు చేయించాలి. మూడు ఎనిమిదో వంతు ఇంచి బోరులో ఒక అల్లిక గొట్టం 180 బార్లకూ, రెండల్లికలది 330 బార్లకూ ఓరుస్తుంది. రెండోది తీసుకుంటే మన పంపు దాన్ని ఏమీ చేయలేదు, కానీ సులువుగా వంగదు. రెండిటికీ వంపు వ్యాసార్ధం 13 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఇరుకు జీపులో ఆ వంపుకు చోటు వెతకడమే అసలు పాండిత్యం.

కోసిన గొట్టంలో రబ్బరు పొడి, తీగ ముక్కలు ఉంటాయి. కంప్రెసరు గాలితో ఊది బిగించాలి. ఊదకపోతే ఆ పొడి బాక్సు లోపలి వాల్వులోకి పోయి కూర్చుంటుంది. స్టీరింగు ఒక పక్కకు మెత్తగా, ఇంకో పక్కకు గట్టిగా ఉందని ఓనరు వచ్చినప్పుడు మేస్త్రి బాక్సును తిడతాడు. బాక్సు నిర్దోషి.

పొడవు కూడా కవి చెప్పలేదు. ఇంజను రబ్బరు మౌంటుల మీద ఊగుతుంది, బాక్సు ఛాసీకి అతుక్కుని కదలకుండా ఉంటుంది. ఈ రెంటి నడుమ గొట్టం లాగి కట్టినట్టుంటే, స్టార్టు చేసిన ప్రతిసారీ ప్రెస్సింగు దగ్గర ఒక గుంజు. కొంచెం వదులు ఇవ్వాలి, ఆ వదులు సైలెన్సరుకు తగలకూడదు. పద్యంలో సైలెన్సరన్న మాటే లేదు. ఇది మహాదోషం. నూనె చుక్క ఎర్రగా కాగిన మానిఫోల్డు మీద పడితే ముందు పొగ, తర్వాత మంట. ఈ లోపాన్ని గురుముఖతః పూరిస్తారు. మేస్త్రి మాట యథాతథం: "గొట్టం సైలెన్సరు పక్కంట పోనిచ్చీసినావనుకో గుంటడా, బండి కాదు, నువ్వే కాలిపోతావు."

సన్నని చిల్లు ఎక్కడుందో వేలితో తడిమి చూడరాదు. అంత పీడనంతో వచ్చే నూనె చర్మంలోకి దూరిపోతుంది, అది సూది పోటులా పైకి చిన్నది, లోపల పెద్దది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

"సన్న పైపు": ఇక్కడ చాలామంది బోర్లా పడ్డారు. సన్న అంటే రంధ్రం సన్నమని అర్థం చేసుకుని చిన్న బోరు గొట్టం వేస్తే, తిరుగుదారి బిగిసి బాక్సు సీళ్ల మీద వెనక ఒత్తిడి పడుతుంది. సన్నదనం గోడకు, రంధ్రానికి కాదు. ఉక్కు అల్లిక లేనందున పైకి సన్నగా కనిపిస్తుందని కవి హృదయం. ఈ దారిలో పీడనం స్వల్పం గనక క్లిప్పు చాలు. కానీ గొట్టం తొడిగే ఉక్కు పైపు చివర ఉబ్బు కట్టి ఉండాలి. నున్నటి పైపు మీద క్లిప్పు ఎంత బిగించినా, మాడుగుల దాటేలోపు జారుతుంది.

"మరలు": ఎక్కడికి మరలు? ఆకాంక్ష తీరలేదు. "నూనె డబ్బాలోకి" అని అధ్యాహారం చేసుకోవాలి. ఆ డబ్బా పంపు కంటే ఎత్తున ఉండాలి, నూనె తన బరువుతో పంపులోకి దిగాలి. కిందుంటే పంపు గాలి తాగుతుంది.

శంక: "నడుమ కూలరుంచి" అన్నారు. నడుమ అంటే దేని నడుమ? పంపుకూ బాక్సుకూ నడుమ కాకూడదా? మొదటి పాదంలో వేడి నూనె పోతుంది కదా, అక్కడే చల్లార్చడం మేలు కదా?

సమాధానము: కాకూడదు. వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలి. సన్నిధిని బట్టి "నడుమ" రెండో పాదాన్ని ఆనుకుని ఉంది, కనుక తిరుగుదారికే చెందుతుంది. ఇక యోగ్యత. నిప్పుతో తడుపుతున్నాడు అన్న వాక్యానికి యోగ్యత లేదని శాస్త్రులు చెప్తారు, తడిపే గుణం నిప్పుకు లేదు గనక. అలాగే పల్చని గొట్టాన్ని పాములా మడిచి రెక్కలు తొడిగిన ఈ కూలరుకు 100 బార్లు ఓర్చే గుణం లేదు. పీడనం దారిలో పెడితే మొదటి మలుపులోనే విచ్చుకుంటుంది, ఎర్ర నూనె రేడియేటరుకు అభిషేకమవుతుంది. పూర్వపక్షి ఇంకా ఒప్పుకోకపోతే స్వయంగా పెట్టి చూడవచ్చు, ఖర్చు పూర్వపక్షిదే.

అసలు కూలరెందుకు? స్టీరింగు చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుంటే నూనెకు పోయే చోటుండదు. పంపులోని రిలీఫు వాల్వు తెరుచుకుని నూనె అక్కడక్కడే తిరుగుతుంది. ఇంజను పెట్టిన కష్టమంతా వేడి అవుతుంది. పాడేరు ఘాటీలో హెయిర్‌పిన్నులు, తక్కువ స్పీడు, ఎక్కువ తిప్పుడు, పైగా ఓనరు మోజు పడి వేసిన వెడల్పాటి టైర్లు. నూనె కాగి పల్చబడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, పంపు మూలగడం మొదలెడుతుంది. ఆ మూలుగు విని బెల్టు బిగించేవాళ్లను చూశాను. కూలరు రేడియేటరు ముందు గాలి తగిలేచోట ఉండాలి, కాళ్లకు రబ్బరు బుష్షులు వేయాలి. భీమిలి–నర్సీపట్నం రోడ్డు గోతుల్లో ఇనుముకు ఇనుము తగిలి ఉంటే ఒక క్రషింగు సీజను కూడా దాటదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్ల వెనక ఇంచించు జరిగినవాళ్లకు వేరే వివరణ అక్కరలేదు.

"నట్టులు బిగియించి": ముందు వేళ్లతో రెండు చుట్లు ఎక్కాలి, ఆ తర్వాతే పానా. కులం తెలియని పంపు, కులం తెలియని బాక్సు కదా, ఒకదానిది మెట్రిక్ త్రెడ్డు, ఇంకోదానిది ఇంచి త్రెడ్డు కావచ్చు. మొదటి చుట్టు దగ్గరివాళ్లలా కలుస్తాయి, రెండో చుట్టుకు బిగుస్తాయి. అక్కడ పానా వేసి బలం చూపిస్తే అల్యూమినియం పంపు గొంతు పోతుంది.

"గాలి తీసి తిప్పు": ఇక్కడ వ్యాకరణానికీ వర్కుషాపుకూ విరోధం. "తీసి" క్త్వార్థకం, పూర్వక్రియను చెప్తుంది. అంటే ముందు గాలి తీయాలి, తర్వాత తిప్పాలి. కాని తిప్పితేనే గాలి పోతుంది! ఈ వలయాన్ని ఇలా విడదీయాలి: తిప్పడం రెండు విధాలు. మొదటిది ఇంజను ఆపి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, డబ్బా నింపి, ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పడం. బుడగలు వస్తుంటాయి, నూనె దిగుతుంటుంది, పోస్తుండాలి. బుడగలు ఆగాక ఇంజను స్టార్టు చేసి తిప్పడం రెండోది. కవి చెప్పిన "తిప్పు" ఈ రెండోదే. తొందరపడి మొదటిది మానేస్తే పంపు గాలినీ నూనెనూ కలిపి చిలుకుతుంది, డబ్బాలో గులాబి నురగ లేస్తుంది. అప్పుడు ఇంజను ఆపి, టీ తాగి, నురగ దిగాక మళ్లీ మొదలు. పోసే నూనె ఏటీఎఫ్, ఎర్రది. చేతికందిందని బ్రేకు ఆయిలు పోస్తే బాక్సులోని సీళ్లు ఉబ్బి చెడతాయి.

విశేషము

ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు 1926లోనే ఈ పవర్ స్టీరింగు పద్ధతిని కారుకు పెట్టి చూపించాడు. మార్కెట్లో కొనుక్కునే కారులోకి అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. పాతికేళ్లు ఆగిందన్నమాట. మన జీపు ఓనరు పాతిక నిమిషాలు ఆగలేక నురగ మీదే బండి తీశాడు.

తాత్పర్యము

పంపు నుంచి బాక్సుకు తీగ అల్లిక గొట్టం, బాక్సు నుంచి కూలరు మీదుగా డబ్బాకు మామూలు గొట్టం వేసి, జాగ్రత్తగా బిగించి, గాలి పోగొట్టి తిప్పితే జీపు చెప్పిన మాట వింటుంది.

పాఠభేదము

"గాడి కుదురు" అన్నచోట గాడి అంటే హిందీ గాడీ అని ఒక వ్యాఖ్యాత. గౌరవించాం, ఒప్పుకోలేదు. "కుదురు" అంటే బేరం కుదరడమని ఇంకొకరు. దీన్ని కొట్టిపారేయబోతుండగా మేస్త్రి అడ్డం వచ్చాడు. "అదే బాబూ అర్థం. గొట్టాల ప్రెస్సింగు ఏరు, కూలరు ఏరు, నూనె రెండు లీటర్లు, కుర్రోడికి టీలు. నాది నాకు తర్వాతిచ్చినా పర్లేదు, నూనె డబ్బులు మాత్రం ఇప్పుడిచ్చీయండి."