మా చెల్లికి ఏమీ వద్దట!

త్యాగం, నిస్వార్థం, వైరాగ్యం ఈ కాలంలో ఎక్కడున్నాయని బెంగపెట్టుకున్నవాళ్ళు హిమాలయాల దాకా పోనక్కర్లేదు. ఏదో ఒక మండల కేంద్రంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఓ పూట కూర్చుంటే చాలు. నాలుగెకరాల మాగాణిలో తన వాటాను పైసా పుచ్చుకోకుండా అన్నదమ్ములకు రాసిచ్చి, టీ అయినా తాగకుండా బస్సెక్కి వెళ్ళిపోయే మహాయోగినులు కళ్ళారా కనబడతారు. ఎందుకోగానీ ఈ స్థాయి వైరాగ్యం మగవాళ్ళకు పట్టదు. "నాకేం వద్దమ్మా, అంతా నువ్వే ఉంచుకో" అని చెల్లెలికి తన వాటా రాసిచ్చిన అన్నయ్య మీకు ఎక్కడైనా తారసపడితే చెప్పండి. శాలువా నేను తెస్తాను.

ఆ కాగితాన్ని హక్కు విడుదల దస్తావేజు అంటారు. మనఃపూర్వకంగా, పూర్తి తెలివిడితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, సోదరుల మీద ఉన్న ప్రేమాభిమానాల చేత వదులుకుంటున్నానని అందులో ఉంటుంది. చదివితే కళ్ళు చెమరుస్తాయి. కాకపోతే ఆ మాటలు చెల్లెలు రాసినవి కావు. అన్నయ్య కుదిర్చిన దస్తావేజు లేఖరి, అన్నయ్య ఇచ్చిన ఫీజు తీసుకుని రాసినవి. నిజానికి ఆయన కూడా కొత్తగా రాయడు. కంప్యూటర్లో ఎప్పుడో కొట్టి పెట్టుకున్నదే. సర్వే నంబరు, హద్దులు, చెల్లెలి పేరు మారిస్తే సరిపోతుంది. ఆ మండలంలో చెల్లెళ్ళందరి ప్రేమాభిమానాలూ ఒకే ఫాంటులో, ఒకే అచ్చుతప్పుతో ఉంటాయి.

చెల్లెలికి కబురు వెళ్ళే పద్ధతి కూడా ముచ్చటగానే ఉంటుంది. "చిన్న సంతకం ఒకటుంది, ఓసారి వచ్చిపో." అంతే. భూమి అనే మాట ఫోన్లో రాదు. వచ్చాక వదిన కాఫీ ఇస్తుంది, అమ్మ ఎటో చూస్తూ కూర్చుంటుంది, ఊళ్ళో పెద్దమనిషి ఒకరు సరిగ్గా అప్పుడే పలకరించడానికి వస్తాడు. ఆఫీసులో ఫొటో తీసి వేలిముద్ర వేయిస్తారు. వేలు ఎవరిదో కనిపెట్టే మిషను ఉంది. ఆ వేలి వెనక ఎవరున్నారో కనిపెట్టే మిషను మాత్రం ఇంకా రాలేదు.

చట్టం లేకనా ఇదంతా? దేశంలో ఎక్కడా లేనప్పుడే మనకు ఉంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు అని హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలను అది వదిలేసింది. దేశమంతా మేలుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2005 సెప్టెంబర్ 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళితో నిమిత్తం లేకుండా హక్కు ఇచ్చింది. ఒక్క మెలిక ఉంచింది: 2004 డిసెంబర్ 20కి ముందే అయిపోయిన పంపకాల జోలికి పోను అంది. ఇంకేం, జ్ఞాపకశక్తి లేదని బడిలో తన్నులు తిన్న అన్నయ్యలకు కూడా పాత సంగతులు గుర్తుకు రాసాగాయి. "మా పంపకం ఆ తేదీకి ముందే అయిపోయిందండీ, నోటిమాటగా." 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ నోటిమాట పంపకాలను అంత తేలిగ్గా నమ్మేది లేదంది. రిజిస్టరు దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలి, ఎప్పుడో అరుదుగా తప్ప, అదీ సర్కారీ రికార్డుల ఆధారం ఉంటే తప్ప నోటిమాట చెల్లదు అంది. న్యాయమూర్తులకూ అన్నదమ్ములు ఉండే ఉంటారు.

చట్టం వైపు దారులన్నీ మూసుకుపోయాక తెరిచి ఉన్నది ఒక్కటే, చెల్లెలి నోరు. ఆమె నోట "వద్దు" అనిపిస్తే ఏ చట్టమూ ఏమీ చేయలేదు. అందుకే ఇప్పుడు మన ఊళ్ళలో ఆడపిల్లకు హక్కు లేదని అనేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ అభ్యుదయవాదులే. "హక్కు ఎందుకు లేదండీ, భేషుగ్గా ఉంది. తనకే వద్దట!"

ఎందుకు వద్దట అంటే కారణాలు చాలా చెబుతారు. మొదటిది, కట్నం ఇచ్చేశాం కదా. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. ఒక నేరం చేసి, దాన్ని రసీదుగా చూపించి, ఇంకో బాకీ చెల్లగొట్టుకునే వెసులుబాటు ఈ ఒక్క వ్యవహారంలోనే ఉంది. పైగా ఆ కట్నం వెళ్ళింది చెల్లెలికి కాదు, బావగారికి. రెండోది, భూమి ముక్కలైపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో సగటు కమతం హెక్టారుకు అటూ ఇటూగా ఉందని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది, కాబట్టి బాధ నిజమే. అయితే ముగ్గురు అన్నదమ్ములు మూడు ముక్కలు చేసుకుంటే అది పంపకం, నాలుగో ముక్క చెల్లెలు అడిగితే అది వ్యవసాయరంగ సంక్షోభం. మూడోది, పుట్టింటి తలుపు మూసుకుపోతుంది. ఇది కారణం కాదు, బెదిరింపు. కానీ మెత్తగా అంటారు కాబట్టి కారణాల్లో లెక్క వేస్తారు. పండక్కి చీర, ఒడిబియ్యం, సారె, ఎండాకాలంలో ఓ బుట్ట మామిడిపళ్ళు: వీటన్నింటికీ కలిపి ఎకరం రాసివ్వాలట. ఆ లెక్కన ప్రపంచంలోకెల్లా ఖరీదైన మామిడిపళ్ళు తింటున్నది మన ఆడపిల్లలే.

ఆడపిల్లకు భూమి ఇవ్వడం మనవాళ్ళకు చేతకాదనుకుంటే మాత్రం పొరపాటు. అవసరం వచ్చినప్పుడు ధారాళంగా ఇచ్చారు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. 1975 జనవరి 1 నుంచి అమలు. సీలింగుకు మించిన భూమి సర్కారుకు అప్పజెప్పమనేసరికి భూస్వాముల గుండెల్లో పితృప్రేమ పొంగింది. ట్రైబ్యునళ్ళ ముందు నిలబడి, మా అమ్మాయి పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇన్నెకరాలు నోటిమాటగా ఎప్పుడో ఇచ్చేశామండీ, అది మా లెక్కలోకి రాదు అన్నారు. ఆ అమ్మాయిలకు ఆ చేను ఏ దిక్కున ఉందో తెలిసిందో లేదో! సీలింగు గండం గడిచాక ఏ కూతురైనా నా పసుపు కుంకుమల భూమి ఏదీ అని వస్తే, రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి చెల్లదన్నారు. ఈ మాట హైకోర్టు పూర్తి ధర్మాసనం కూడా 2001లో తేల్చి చెప్పింది: పెళ్ళిలో పసుపు కుంకుమల కింద భూమి ఇచ్చినా అది దానమే, దానానికి రిజిస్టరు దస్తావేజు ఉండాల్సిందే. న్యాయం సరైనదే. సర్కారుకు చూపించడానికి నోటిమాట చాలు, కూతురికి ఇవ్వడానికి స్టాంపు కాగితం కావాలి, అంతే తేడా. అన్నట్టు ఆ సీలింగు చట్టం కూడా తక్కువ తిన్నది కాదు. ఇంట్లో మేజరు కొడుకులుంటే వాళ్ళ కోసం అదనపు పరిమితి ఇచ్చింది. మేజరు కూతుళ్ళు అన్నం తింటారన్న సంగతి దానికి తట్టలేదు.

ఆడవాళ్ళ పేరు మనవాళ్ళకు గుర్తొచ్చే చోటు ఇంకొకటి ఉంది, ఏజెన్సీ. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడాన్ని కూడా ఆపేసింది. భూమి మీద మనసు పడ్డ మైదానం పెద్దమనిషి ఏం చేయాలి పాపం? గిరిజన మహిళ ఒకామెను వెతికి పట్టుకుంటాడు. ఒకచోట పాలేరు భార్య, ఒకచోట పెళ్ళి అని చెప్పీ చెప్పకుండా చేసుకున్న మనిషి. పట్టా ఆమె పేరిట ఉంటుంది. పత్తి అమ్మిన సొమ్ము ఆయన ఖాతాలో ఉంటుంది. ఆమె అదే చేలో పత్తి ఏరి సాయంత్రానికి కూలి తీసుకుంటుంది. మహిళలకు భూమి హక్కు కల్పించడంలో రికార్డుల ప్రకారం ఈ పెద్దమనుషుల కృషి మరువలేనిది.

ఆ 1970 నిబంధనలో ఒక చిన్న మాట ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదంటే కాదని నిరూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. ఎంత అమర్యాద! పెద్దమనిషి మాట నమ్మకుండా ముందే అనుమానించడమా? దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోట్లాడారు. 1988లో కోర్టు ఆ నిబంధన చెల్లుతుందనే చెప్పింది. ఆ అనుమానం ఎందుకంటే, ఏజెన్సీలో షావుకార్లు కూడా అన్నయ్యల మాటే అనేవారు. వాడే ఇష్టపడి ఇచ్చాడండీ. బలవంతం ఏమీ లేదు. వేలిముద్ర కూడా వేశాడు. మిరప్పొడికీ, కల్లుకూ, ముందు తీసుకున్న నాలుగు బస్తాల జొన్నలకూ ఐదెకరాలు ఇష్టపడి ఇచ్చేవాళ్ళు అంతమంది ఒకే కొండకింద ఎలా పుట్టారని చట్టానికి అనుమానం వచ్చింది. ఆ చట్టం ఏ తీరున అమలైందో భద్రాచలం, ఉట్నూరు వైపు అడిగితే చెబుతారు, అది వేరే కథ. అనుమానించడం మాత్రం సరిగ్గా నేర్చుకుంది.

నేను అడిగేది ఆ అనుమానాన్ని కాస్త మైదానానికి కూడా దించమని. చెల్లెలి వాటా అన్నయ్య చేతిలో కనబడితే, అడగకుండా తీసుకున్నాడనే చట్టం అనుకోవాలి. కాదంటే ఆయనే నిరూపించుకోవాలి. "మమ్మల్ని షావుకార్లతో పోలుస్తారా?" అని అన్నయ్యలు కోప్పడతారని తెలుసు. పోల్చను. షావుకారు కనీసం జొన్నలు కొలిచిచ్చాడు.

గిరిజన ఆడపిల్లలది ఇంకో దుస్థితి. 1956 హిందూ వారసత్వ చట్టం రెండో సెక్షన్లోనే షెడ్యూల్డ్ తెగలను పక్కన పెట్టింది, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప వర్తించదంది. దాంతో కోయ ఇంట్లో అయినా, గోండు ఇంట్లో అయినా అడిగితే వచ్చే జవాబు ఆచారం. ఆచారం చాలా సౌకర్యమైన చుట్టం. దానికి చిరునామా ఉండదు, సాక్షిగా పిలిస్తే రాదు, తీర్పు మాత్రం ఇస్తుంది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో కింది కోర్టులు, ఆడవాళ్ళకు వాటా లేని ఆచారమే ఉంటుందని ముందే అనుకుని, వాటా ఇచ్చే ఆచారం ఉంటే చూపించమని ఆడమనిషి వారసులనే అడిగాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ అనుకోవడమే తప్పంది. ఆడవాళ్ళకు ఇవ్వకూడదనే ఆచారం ఉందని ఎవరూ చూపలేదు కాబట్టి సమాన వాటా ఇవ్వమంది. అంటే నిరూపించే బరువు ఎవరి నెత్తిన పెట్టాలన్నదే అసలు సంగతి. ఇన్నాళ్ళూ అది మోస్తున్నది నీళ్ళబిందె మోసే నెత్తే.

తెలంగాణలో 2020 చట్టం వచ్చాక ధరణి పోర్టల్లో వారసుల పేర్లు ఎక్కించాలంటే వాళ్ళంతా ఒప్పుకున్నామని ఉమ్మడిగా రాసిస్తే సరిపోయేది, విచారణ ఉండేది కాదు. ఇంటి పెద్దాయన పోతే "వాళ్ళంతా" ఎవరెవరో చెప్పేది ఇంకెవరు, పెద్దకొడుకే. చెల్లెలు ఉందన్న సంగతి ఆయనకు పుష్కరాలకు గుర్తుంటుంది, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు గుర్తుండదు. భూభారతి చట్టం వచ్చాక విచారణ మళ్ళీ పెట్టారు. మంచిది. విచారణకు వచ్చే అధికారి కాస్త చెల్లెలి ఊరికి కూడా వెళ్ళొస్తే ఇంకా మంచిది. అన్నయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, అన్నయ్య కాఫీ తాగుతూ, మీ చెల్లెమ్మకు అభ్యంతరం లేదు కదా అని అడిగే విచారణ మనకు కొత్తేమీ కాదు.

పోనీ కాగితంలో ఏముంది, చేను చేస్తున్నది ఆడవాళ్ళే కదా అంటారు. నిజం. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, మిరప కోత, అన్నీ వాళ్ళే. అయినా దేశంలో ఆడవాళ్ళ పేరిట నడుస్తున్న కమతాలు నూటికి 14 మాత్రమే, అదే 2015-16 లెక్క ప్రకారం. బ్యాంకు పంటరుణం ఇచ్చేది పాసుపుస్తకానికి, నడుము నొప్పికి కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉంది. పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు. అదే చేలో ముప్పై ఏళ్ళు ఒంగి పనిచేసిన ఇల్లాలు, పాసుపుస్తకంలో పేరు లేకుండా చనిపోతే రైతు చనిపోయినట్టు కాదు. ఆమె ఎవరు? ఆ కాలమ్ ఫారంలో లేదు.

ఇంతా చదివి కూడా, "ఏమోనండీ, మా చెల్లెలు మాత్రం నిజంగానే వద్దంది, మీకు తెలియదు" అనే అన్నయ్యలు ఉంటారు. నమ్ముతాను. అంత మంచి చెల్లెలికి ఆ త్యాగం తీరిగ్గా చేసే అవకాశం ఇద్దాం. ముందు ఆమె వాటాకు హద్దులు వేసి, రాళ్ళు పాతి, ఆమె పేరిట పాసుపుస్తకం చేయించండి. దాన్ని ఆమె బీరువాలోనే ఉంచండి, మీ దాంట్లో కాదు. కౌలు కట్టండి, ఊళ్ళో రేటే. సర్కారు రైతులకు వేసే సొమ్ము, రైతు భరోసా అయినా, అన్నదాత సుఖీభవ అయినా రెండేళ్ళ పాటు ఆమె ఖాతాలో పడనివ్వండి. డబ్బు పడిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడల్లా వద్దు అనిపిస్తోందేమో ఆమెనే చూసుకోనివ్వండి. ఆ తర్వాత కూడా ప్రేమాభిమానాలు పొంగితే, తన ఊళ్ళో తనకు నచ్చిన లేఖరి చేత గిఫ్టు దస్తావేజు రాయించి తనే తెస్తుంది. స్టాంపు డ్యూటీ మాత్రం మీరు కట్టుకోండి.