మా రోజుల్లో చేనంటే సగం అడవి

పిల్లల పాఠ్యపుస్తకం తెరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆదిమానవుడు వేటాడేవాడు, ఆకులూ దుంపలూ ఏరుకునేవాడు, తర్వాత సేద్యం నేర్చుకుని ఊరు కట్టుకున్నాడు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. మా అనంతపురం పిల్లలు హరప్పా గురించి గడగడా అప్పజెబుతారు. సొంత జిల్లాలో పాలవాయి దగ్గర బూడిద దిబ్బ ఉందని, ఈ నేల మీద మొట్టమొదట పశువుల్ని కట్టి, గింజలు పండించినవాళ్లు వదిలిపోయిన గుర్తు అదేనని వాళ్లకు చెప్పే దిక్కు లేదు.

బళ్లారి వైపు ఈ దిబ్బల్ని రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని చెప్పుకునేవారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర అది పశువుల పేడ కాలిన బూడిదని వాదించాడు. అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించినప్పుడు సంగతి తేటతెల్లమైంది. తాటి మొద్దులు నాటి దడి కట్టారు, లోపల మందను తోలారు, పేడ పేరుకున్నాక నిప్పు పెట్టారు, మళ్లీ దడి కట్టారు. అలా ఒకసారి కాదు, ఎన్నోసార్లు. మంట వేడికి కొన్నిచోట్ల బూడిద కరిగి గాజులా గడ్డకట్టింది. ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు అలాగే నిలిచి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లు పైబడినా చెరగని గిట్టల అచ్చులు! పరాయి దేశంలో అయితే దాని చుట్టూ గోడ కట్టి, బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చి చూపించేవారు. మన దగ్గర చాలా దిబ్బల్ని బండ్లకెత్తి ఎరువుగా చేలకు తోలేశారు. బళ్లారి దగ్గర కుప్గల్ కొండ మీద ఆ కాలపువాళ్లు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి, కొడితే గంటలా మోగే రాళ్లున్నాయి. ఆ కొండకూ రాతి క్వారీల బెడద తప్పలేదు.

ఆ కాలపువాళ్లు ఏం తిన్నారో కూడా తెలిసింది. తవ్విన మట్టిని నీళ్లలో కలిపి, తేలిన మాడిన గింజల్ని ఏరి చూశారు. ఉలవలు, పెసలు, అండుకొర్ర, కొర్ర జాతి చిన్న గింజలు దొరికాయి. జొన్న, సజ్జ ఆఫ్రికా నుంచి తర్వాత వచ్చినవి. వరి మాట అప్పటికి లేదు. ఉలవ, పెసర, అండుకొర్ర మన దేశపు నేలలో అడవిగా మొలిచి, మనవాళ్ల చేతుల్లోనే పంటలయ్యాయి. అడవి గడ్డి గింజ పండగానే నేల రాలుతుంది. రాలకుండా వెన్నునే పట్టుకుని ఉన్న గింజే కోసేవాళ్ల చేతికి ఎక్కువగా అందుతుంది, మరుసటేడు విత్తనం అదే అవుతుంది. ఇది ఏ ఒక్కరి తరంలోనో అయ్యే పని కాదు.

ఆ దిబ్బల దగ్గర, వాళ్లు బతికిన ఊళ్ల మట్టిలో మంద ఎముకలతో పాటు జింక ఎముకలూ ఉన్నాయి. గింజల్లో రేగు టెంకెలూ ఉన్నాయి. అంటే పంట వచ్చింది కదా అని వాళ్లు అడవిని వదిలిపెట్టలేదు. ఒక కాలు చేలో, ఒక కాలు అడవిలో పెట్టి బతికారు. ఆ బతుకు ఎప్పుడో ముగిసిపోయిందని పుస్తకం అంటుంది. ముగిసింది మా కళ్ల ముందు, మా తరంలో.

మా అమ్మ కొర్ర చేలో కలుపు తీయడానికి వెళితే కొంగు నిండా గురుగాకు, చెంచలి, పాయలాకు తెచ్చేది. వాటిని ఎవరూ విత్తలేదు, నీళ్లు పెట్టలేదు. లేత చివర్లు రెండు వేళ్లతో గిల్లేది, వేరు పీకనిచ్చేది కాదు. మేం పీకితే వీపు పగిలేది. ఇంటికొచ్చి ఆ ఆకు కందిపప్పులో వేసి ఎనిపితే సంగటిలోకి అదే కూర. వానాకాలంలో మాకు కూరగాయలు కొనే పనే ఉండేది కాదు. గట్ల మీద రేగు, కలివి, బలుసు పళ్లు పిల్లల తిండి. ఏ ఆకు తినాలో, ఏది పశువుకు కూడా పెట్టకూడదో ఏడేళ్ల పిల్లకు తెలిసేది. నల్లమలలో గుంత తవ్వి దుంప తీసే అమ్రాబాద్ చెంచుల బతుకు గురించి హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1943లో పెద్ద పుస్తకమే రాశాడు. మా ఊరి ఆడవాళ్లకు తెలిసిన విద్య గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

తర్వాత ఊరంతా వేరుశనగే వేసింది. కొర్ర చేలు పోయాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నిండింది, అది మంచిపనే, నేను కాదనను. కానీ దాంతోపాటు సంగటి నామోషీ అయిపోయింది, ఉలవలు ఎద్దుల తిండి అయ్యాయి. ఆపైన గడ్డిమందు వచ్చింది. కూలీలు దొరకడం లేదని మా తమ్ముడి కొడుకు డబ్బా వీపుకు తగిలించుకుని ఒక్క పూటలో చేను మొత్తం కొట్టేస్తాడు. చెంచలి, గురుగు, పాయల, పొన్నగంటి అన్నీ ఒకే చావు. వాడికి వాటి పేర్లు తెలియవు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, చెప్పని మాది.

ఇప్పుడు పట్నం అంగళ్లలో అండుకొర్రను రంగు సంచుల్లో పెట్టి, సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మధుమేహానికి మంచిదని డాక్టరు చెబితే నా కోడలు తెస్తోంది. తినమంటే తింటున్నాను, బాగానే ఉంది. గింజకు విత్తనం ఉంది కాబట్టి మళ్లీ అంగడికి వచ్చింది. విత్తకుండా మొలిచే గురుగాకుకు విత్తనం ఎవరు దాచారు? ఈ ఏడు మా వంకపక్క రెండెకరాల చేనుకు మందు కొట్టొద్దని తమ్ముడి కొడుక్కి గట్టిగా చెప్పాను. కలుపు కూలి నేనే ఇస్తాను, పాతకాలపు ఆడవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లనే పిలిపించమన్నాను. వాళ్ల వెంట బడిపిల్లల్నీ పంపమని పంతులుగారిని అడిగాను. సెలవు రోజు చూసి పంపుతానన్నాడు.