వేలు తుడిచి మళ్లీ పెట్టండి

పల్లెల్ని కంప్యూటర్‌తో ఉద్ధరిస్తామని కంకణం కట్టుకున్న పెద్దలంతా ఒక్కసారి ఏక్‌బాల్‌పూర్ వచ్చిపోవాలి. అది పల్లె కాదు కదా అంటారేమో. కాదు, సాక్షాత్తూ కోల్‌కతా మహానగరం. ఖిదిర్‌పూర్ రేవుకి దగ్గర్లో, డైమండ్ హార్బర్ రోడ్డు పక్కన ఉంది. సెల్‌ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి. పక్కనే ఫ్యాన్సీ మార్కెట్. దేశానికి ఆర్థిక సంస్కరణలు రాకముందే ఫారిన్ టేప్ రికార్డర్లు దొరికిన చోటు అది. ఈ ప్రాంతానికి ఎలక్ట్రానిక్ విప్లవం సర్కారు పథకం కన్నా ముందే వచ్చేసింది, కాకపోతే కస్టమ్స్ వారికి చెప్పకుండా వచ్చింది.

అయినా డిజిటల్ అగాధం చూడాలంటే ఇక్కడ రేషన్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు. బిహార్‌లోనో ఉత్తరప్రదేశ్‌లోనో పల్లె వదిలి, రేవులో బస్తాలు మోయడానికి వచ్చి, ఇక్కడే ముసలివాడైపోయిన చాచా ఒకాయన మెషిన్ మీద బొటనవేలు పెడతాడు. మెషిన్ కుయ్యిమంటుంది. ‘ఫిర్ సే’ అంటాడు డీలర్. చాచా వేలిని లుంగీకి తుడుచుకుని మళ్లీ పెడతాడు. మళ్లీ కుయ్యి. తడిగుడ్డ వస్తుంది. కుయ్యి. ఈలోగా క్యూలో ఉన్న నిపుణుల కమిటీ రంగంలోకి దిగుతుంది. నూనె రాయమని ఒకరు, ఉన్న జిడ్డు వదిలించమని ఒకరు, ఎడమచెయ్యి పెట్టి చూడమని మరొకరు. పది వేళ్లూ అయ్యాక డీలర్ తీర్పు చెబుతాడు: ‘సర్వర్ డౌన్ హై చాచా, కల్ ఆనా.’ మన ఇచ్ఛాపురంలో అయినా ఇదే తీర్పు. భాష ఒక్కటే తేడా.

జీవితమంతా బస్తాలు మోసిన చేతికి గీతలు ఎక్కడ మిగులుతాయి? అవి రేవులోనే అరిగిపోయాయి. ఈ మనిషి కష్టపడి బతికాడనడానికి ఆ చెయ్యి కన్నా పెద్ద సాక్ష్యం లేదు. మెషిన్‌కి మాత్రం అదొక ఎర్రర్ కోడ్. ప్రభుత్వ సేవల్లో ఆధార్ ధ్రువీకరణ 88 శాతం విజయవంతమవుతోందని 2018 మార్చిలో ఆధార్ సంస్థే సుప్రీంకోర్టుకి చెప్పింది. మార్కులు బాగానే వచ్చాయి, ఫస్ట్ క్లాసే. మెషిన్ పాసయింది. మిగిలిన పన్నెండూ చాచా లాంటివాళ్ల ఖాతాలో పడ్డాయి.

ఇక్కణ్ణుంచి గార్డెన్ రీచ్ వైపు కాస్త ముందుకెళితే మెటియాబ్రుజ్ వస్తుంది. రాజ్యం పోయిన లక్నో నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడిన చోటు. ఇప్పుడు దర్జీల పేట. అక్కడ ఐమెరిట్ అనే కంపెనీ కేంద్రంలో స్థానిక ఆడపిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని కృత్రిమ మేధకి ఓనమాలు దిద్దిస్తుంటారు. ఫొటోలో ఏది చెట్టు, ఏది కారు, ఏది మనిషి అని గీత గీసి చూపించే పని. వెటకారం పక్కన పెట్టి చెప్పాలంటే, ఐటీతో సాధికారత అన్న మాటకి అర్థం ఉంటే అది ఇలాంటి చోటే ఉంది. గడప దాటని పిల్ల జీతం తెచ్చుకుంటోంది. కానీ విధి వైచిత్రి చూడండి. ఎక్కడో సముద్రాల అవతలి యంత్రాలు ఈ పిల్లల పుణ్యాన మనిషిని చూసి మనిషని గుర్తుపడుతున్నాయి. ఇక్కడి రేషన్ మెషిన్‌కి మాత్రం ఇంకా ఆ చదువు అబ్బలేదు.

అసలు కంప్యూటర్‌తో కోల్‌కతా చుట్టరికం ఈనాటిది కాదు. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ 1950ల మధ్యలో దిగింది ఈ ఊరి శివారు బరానగర్‌లోనే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1995 జూలై 31న దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ వెళ్లిందీ ఇక్కణ్ణుంచే. రైటర్స్ బిల్డింగ్‌లో కూర్చుని ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఈ రెంటికీ నడుమ ఇంకో ముచ్చట ఉంది. 1960లలో ఎల్ఐసీ తన కంప్యూటర్‌ని ఇక్కడి ఇలాకో హౌస్‌లో పెట్టబోతే ఉద్యోగులు రాత్రింబవళ్లు కాపలా కాసి అడ్డుకున్నారు. అప్పట్లో కంప్యూటర్ లోపలికి రాకుండా మనుషులు గుమ్మంలో నిలబడ్డారు. ఇప్పుడు మనుషులు లోపలికి రాకుండా కంప్యూటర్ గుమ్మంలో నిలబడింది.

తెలుగువాళ్లం మనం కాపలాలు కాయలేదు, హారతి పట్టాం. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయం, 2025 జనవరిలో 161 సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర. ప్రభుత్వం మారినప్పుడల్లా కౌంటర్ బోర్డు మారింది. కులధ్రువీకరణ పత్రం కోసం మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన తరానికి ఇవేవీ తక్కువ మేళ్లు కావు. అయితే ఈ పాతికేళ్లలో తేలిన రహస్యం ఒకటుంది. అన్నిటికన్నా బాగా పనిచేసిన సాంకేతిక పరికరం మనిషే. ఆంధ్రాలో పల్లెల్లో యాభై ఇళ్లకో వాలంటీర్‌ని పెట్టారు. బెంగాల్‌లో 2020 డిసెంబర్ నుంచి ‘దువారే సర్కార్’ అని షామియానా వేసి, బల్ల వేసి, దరఖాస్తులు తీసుకున్నారు. జనం విరగబడ్డారు. అంతా ఆన్‌లైన్ చేసేశాక, ఆ ఆన్‌లైన్‌ని జనానికి చేర్చడానికి మళ్లీ బల్లా కుర్చీ వేయాల్సి వచ్చింది.

ఇక తీగల సంగతి. రెండున్నర లక్షల పంచాయతీలకి ఆప్టికల్ ఫైబర్ లాగుతామని 2011 అక్టోబర్‌లో కేంద్రం నిర్ణయించింది. రెండేళ్ల పని అన్నారు. 2023 ఆగస్టులో, భారత్‌నెట్ పేరుతో నడుస్తున్న అదే పథకానికి మెరుగులు దిద్దడానికి 1.39 లక్షల కోట్లు మంజూరు చేశారు. ఫైబర్ రాని చోటికీ యాప్‌లు మాత్రం ఠంచనుగా వచ్చాయి. కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి, వెళ్లే కూలీల హాజరు యాప్‌లోనే పడాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. పూటకొకటి చొప్పున రోజుకి రెండు ఫొటోలు. చెరువులో మట్టి తవ్వే పని పదకొండింటికే అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో పడిగాపులు పడాలి. సిగ్నల్ కోసం పని చూసే మేట్ గట్టెక్కి ఫోన్‌ని ఆకాశానికి నైవేద్యం పెట్టాలి. ఫొటో ఎక్కలేదా, మట్టి తవ్వనట్టే లెక్క.

మరి దొంగ హాజర్లు ఆగాయా? 2025 జూలైలో గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసిన ఉత్తరంలో గుట్టు విప్పింది. పనికి సంబంధంలేని ఫొటోలు ఎక్కిస్తున్నారట, ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పంపుతున్నారట, పొద్దున ఉన్న ముఖాలు మధ్యాహ్నానికి మారిపోతున్నాయట. కాబట్టి ఇకమీదట పంచాయతీలో ప్రతి ఫొటోనీ మనిషి కళ్లతో చూసి సరిపోల్చాలని ఆదేశం. మనుషుల్ని నమ్మలేక మెషిన్ పెట్టారు, మెషిన్‌ని నమ్మలేక మనుషుల్ని పెట్టారు. ఈ రెండు అపనమ్మకాల మధ్య ఎండలో నిలబడ్డది కూలీ ఒక్కరే.

ఇదే మెషిన్‌ని ఇంకోవైపు తిప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీచర్లకి ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ తెచ్చింది. ఇరవై నాలుగ్గంటల్లో రాష్ట్రంలోని నెట్‌వర్క్ లోపాలన్నీ బయటపడ్డాయి. మారుమూల బడిలో సిగ్నల్ ఎక్కడుందన్నారు, సొంత ఫోన్ ఎందుకు వాడాలన్నారు, యాప్ మొరాయిస్తే సెలవెలా వేస్తారన్నారు. ప్రతి ప్రశ్నా న్యాయమే. అడగడానికి సంఘాలున్నాయి కాబట్టి అడిగారు, సర్కారు సర్దుబాట్లకి దిగింది. సరిగ్గా ఇవే ప్రశ్నలు కరువు పని కూలీకీ, ఏక్‌బాల్‌పూర్ చాచాకీ ఉన్నాయి. వాళ్లు అడిగితే వచ్చే జవాబు మాత్రం ‘రేపు రండి’.

కాబట్టి అయ్యా, డిజిటల్ అంతరం పల్లెకీ పట్నానికీ నడుమ లేదు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడికీ లేనివాడికీ నడుమ కూడా లేదు. మెషిన్ తప్పంటే చెల్లే వాడికీ, మెషిన్ తప్పయినా తనే తప్పయ్యేవాడికీ నడుమ ఉంది. దాని వెడల్పు రేషన్ షాపు కౌంటరంత.

దీనికి వారధి కట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. వేలిముద్ర పడలేదని ఎవరికీ రేషన్ ఆపొద్దని 2017 అక్టోబర్‌లో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకి చెప్పింది. ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హుల నోటికాడ కూడు తీయరాదని 2018 సెప్టెంబర్ తీర్పులో సుప్రీంకోర్టూ అంది. అంతా కాగితం మీద భేషుగ్గా ఉంది. దేశంలో సమస్తం ఆన్‌లైన్ అయింది గానీ ఆ ఒక్క కాగితమే ఇంకా ఆన్‌లైన్ కాలేదు.

దాన్నీ మెషిన్‌లోకి ఎక్కించేయండి. మూడుసార్లు వేలు పడకపోతే మెషిన్ తనంతట తనే ‘తప్పు నాది, బియ్యం ఇచ్చి పంపండి’ అని రసీదు కొట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్ రాయగల కుర్రాళ్లు హైదరాబాద్‌లోనూ కోల్‌కతా సాల్ట్‌లేక్‌లోనూ కావలసినంతమంది ఉన్నారు. ఆపైన సర్వర్ పడుకుంటే ఆ బాధ చాచాది కాదు, ఖజానాది. ఖజానాకి నష్టం తెచ్చే సర్వర్‌ని రెండో పూట కూడా పడుకోనిచ్చిన ప్రభుత్వం ఈ దేశంలో ఏ పార్టీదీ లేదు.