ముగ్గురం ఒకే మోడల్

నా పేరు లూమిక్స్ జీ7. పానసోనిక్ వాళ్ళు 2015లో బయటికి తెచ్చిన మోడల్. 16 మెగాపిక్సెళ్ళ చిన్న సెన్సరు, ముందర 14-42 కిట్ లెన్సు. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్ళిళ్ళ వీడియో ఆయన దగ్గర నా కొలువు మొదలైంది. తాళి కట్టే వేళ అక్షింతలు నా మీదా పడేవి. డయల్ సందుల్లో ఇరుక్కున్న బియ్యపు గింజల్ని ఆయన అగ్గిపుల్లతో తీసేవాడు. ఆయన పెద్ద సెన్సరు కెమెరాకి మారాక బీరువాలో సిలికా జెల్ పొట్లాల మధ్య నా వానప్రస్థం. అక్కణ్ణించి నన్ను లేపినవాడు చింతామణి ఊరి మేష్టారు.

మేష్టారు బళ్ళో కన్నడం చెబుతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. ఆ సీమలో ఇది వింతేమీ కాదు. చింతామణి, బాగేపల్లి పల్లెల్లో ఇవాళ్టికీ తెలుగు పౌరాణిక నాటకాలు ఆడతారు. హార్మోనియం గురువులు ఊరికి వచ్చి, పగలంతా టమోటా తోటలో పనిచేసినవాడికి రాత్రిపూట అర్జునుడి వేషం నేర్పుతారు. ఆ గురువుల్ని కూర్చోబెట్టి పద్యాలు పాడించి, కబుర్లు చెప్పించి యూట్యూబ్‌లో లైవ్ పెట్టాలని మేష్టారి ఆశ. మధ్యమధ్య కైవారం తాతయ్య తత్వాలు కూడా. 1726లో పుట్టి 110 ఏళ్ళు బతికాడని చెప్పుకునే ఆ తాతయ్య, గాజులమ్ముతూ ఊరూరా తిరిగి, తెలుగులోనూ కన్నడలోనూ పాడిన మనిషి. కైవారం చింతామణి తాలూకాలోదే.

ఒక్క కెమెరాతో ఈ పని కాదు. గురువు ముఖం ఒకరు చూడాలి, హార్మోనియం మెట్ల మీద వేళ్ళు ఒకరు చూడాలి, వంత పాడే శిష్యుల్ని కలిపి మొత్తం ఒకరు చూడాలి. అంటే ముగ్గురం. డబ్బు చూస్తే మేష్టారి జీతంలో మిగిలింది, నలుగురు స్నేహితులు వేసుకున్న చందా.

ముందు ఫోన్లతో చూశారు. మూడు కంపెనీల ఫోన్లు, ఒకే గురువు మూడు రంగులు. ఒకదాంట్లో ఎర్రగా, ఒకదాంట్లో పసుపు పూసినట్టు, మరోదాంట్లో ఎవరో మేకప్ వేసి పంపినట్టు. తర్వాత ఎవరిదో పాత డీఎస్‌ఎల్‌ఆర్ తెచ్చారు. బొమ్మ బాగుంది గానీ, కేబుల్ తగిలిస్తే ఫోకస్ పెట్టె, బ్యాటరీ గుర్తు కూడా బొమ్మతోపాటే బయటికొచ్చాయి. గురువు నుదుటి మీద తెల్ల చదరం పెట్టి లైవ్ ఎవరు చూస్తారు? ఆ గుర్తులేవీ లేకుండా బొమ్మ ఒక్కటే ఇచ్చే కెమెరా కావాలి. దాన్నే క్లీన్ హెచ్‌డీఎంఐ అంటారు. మాలో అది ఉంది.

కార్డులో రికార్డింగ్‌ని 29 నిమిషాల 59 సెకన్లకి ఆపేసే కెమెరాలు కొన్ని ఉన్నాయని మేష్టారు అప్పుడే విన్నాడు. అరగంట, ఆపైన రికార్డు చేసేదాన్ని ఐరోపాలో వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవాళ్ళు. దాన్ని తప్పించుకోడానికి కంపెనీలు ఒక్క సెకను ముందే కత్తెర వేసేవి. ఎక్కడో వేసిన సుంకానికి బాగేపల్లి రాయబారం సీను సగంలో తెగాలన్నమాట.

అసలు పంచాయితీ మేష్టారికీ ఆయన బావమరిదికీ నడిచింది.

“బావా, ఉండే దుడ్డంతా పెట్టి ఒక్కటి చానా మంచిది తీసుకో. తక్కిన రెండూ ఏవో ఒకటి సర్దుకోవచ్చు.”

“ఆ ఒక్కటీ అంత బాగుంటే, పక్కన రెండూ బాగలేవని చూసేవాళ్ళకి మనమే చూపించినట్టు కాదాప్పా?”

ఈ మాటతో నేను మేష్టారి పక్షం. స్వార్థం ఉందనుకోండి, బీరువాలోంచి బయటపడాలని నాకూ ఉండదా! కానీ లెక్క కూడా ఆయనవైపే ఉంది. మా మోడల్ పాతవి మూడు లెన్సులతో సహా కొన్నా, కొత్త ఫుల్‌ఫ్రేమ్ ఒక్కదాని ధరలో సగం దాటలేదు.

రెండోవాడు బాగేపల్లిలో దొరికాడు. బెంగళూరులో చదువుతూ వ్లాగులు తీద్దామని కొని, రెండు పండగలకే విసిగిపోయిన కుర్రాడిది. మూడోవాడు చింతామణిలోనే, మూతపడ్డ స్టూడియోలోంచి. మేష్టారు ముగ్గుర్నీ బల్ల మీద వరసగా పెట్టి ముందు మెనూ మొత్తం రీసెట్ చేశాడు, తర్వాత ఒకే ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. అప్పటిదాకా మా ఒంట్లో మా పాత యజమానుల అలవాట్లు ఉండేవి. నాకు పెళ్ళికూతుళ్ళని తెల్లగా చూపించే జబ్బు ఉండేది. అదీ పోయింది.

బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి కేబుళ్ళు వచ్చాయి. బ్యాటరీ స్థానంలో దూర్చి నేరుగా కరెంటు ఇచ్చే డమ్మీ బ్యాటరీలు వచ్చాయి. 2019లో వచ్చిన ఏటెమ్ మినీ అనే, కెమెరా నుంచి కెమెరాకి మార్చే నాలుగు దారుల స్విచర్ సెకండ్ హ్యాండులో దొరికింది. మా మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రం మహా సుకుమారం, ఎవరి కాలైనా కేబుల్‌కి తగిలితే ఊడేది రంధ్రమే. అందుకని కేబుల్‌ని ట్రైపాడ్ కాలికి గుడ్డ టేపుతో కట్టేశారు. బడ్జెట్ వేసేవాళ్ళు కెమెరా ధర రాసుకుని ఇవన్నీ మర్చిపోతుంటారు. చివరికి కొంప ముంచేవి ఇవే.

ఇక ముగ్గురి చూపూ కలపడం. జూమ్ చేసేకొద్దీ మా కిట్ లెన్సు వెలుతురు తగ్గిస్తుంది, 14 దగ్గర ఎఫ్ 3.5 ఉన్నది 42 దగ్గరికి 5.6 అవుతుంది. కనుక ముగ్గురికీ 5.6 మీదే బిగించాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50. లేకపోతే ట్యూబులైటు కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. ఆటో అన్న మాట ఎక్కడున్నా తీసేశాడు. తెల్లరంగు చూపించడానికి మాత్రం కాగితం వెతకలేదు, గురువుగారి పంచె చూపించాడు. ఆ పంచెకి ఇంట్లో నీలిమందు దండిగా పెట్టారు. ఆ నీలాన్నే తెలుపనుకుని ముగ్గురం గదంతా కాస్త పసుపుపచ్చగా చూపించాం. ఎవరూ కనిపెట్టలేదు. ముగ్గురం ఒకే పొరపాటు చేశాం మరి. మాలో ఒక్కడు సరిగ్గా చూపించి ఉంటే ఆ రాత్రే నవ్వులపాలయ్యేవాళ్ళం.

మూడు కెమెరాల్ని ఇలా కలపడం మా చింతామణి కనిపెట్టింది కాదు. 1951లో అమెరికాలో ‘ఐ లవ్ లూసీ’ని మూడు ఫిల్మ్ కెమెరాలతో, ప్రేక్షకుల ఎదుటే తీశారు. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ పైనుంచి సమంగా పరుచుకునే లైటింగ్ పెట్టాడు, ఏ కెమెరాకి కోసినా వెలుగు మారకుండా. మా మేష్టారు ఆ పని రెండు ఎల్ఈడీ ప్యానెళ్ళతో, ఒక తెల్ల దుప్పటితో కానిచ్చాడు.

మొదటి లైవ్‌లో స్విచర్ మూడో దారిలో నేను, నా వంతు వేళ్ళూ, పుస్తకమూ. గురువుగారి నోట్‌బుక్ అంచులు జిడ్డుకి నల్లబడి ఉన్నాయి. పద్యం తెలుగు, లిపి కన్నడం. కృష్ణుడి మాటల కింద ఎర్ర సిరా గీత, అర్జునుడికి నీలం. ఊపిరి ఎక్కడ తీయాలో అక్కడ చిన్న చుక్క. ఆయన రాగం లాగుతుండగా ఎడమచేత్తో బెల్లోస్ నొక్కుతూనే, కుడిచేత్తో పేజీ తిప్పి, మెట్టు తప్పకుండా అందుకున్నాడు. “మూడూ!” అని అరిచి మేష్టారు సరిగ్గా అప్పుడే నా మీదికి కోశాడు. ముఖం నుంచి చేతికి మారినప్పుడు రంగు మారలేదు. చూసేవాళ్ళకి మేం ముగ్గురున్నామని కూడా తోచి ఉండదు.

స్విచర్‌లో నాలుగో దారి ఇంకా ఖాళీగానే ఉంది. నాటకం పూర్తిగా వేస్తే తబలా ఆయనకీ ఒక కన్ను కావాలి. చిక్కబళ్ళాపురంలోనో బాగేపల్లిలోనో మీ బీరువాలో వాడకుండా జీ7 ఉంటే చింతామణికి ఒక కబురు పెట్టండి. అంతకన్నా మంచి కెమెరా ఉంటే మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.